వంకాయ రంగు గీత

ఆ షెడ్డులో సీటు కింద పని ఏదైనా ఆమెదే. పాతకాలపు కార్లలో సీటు ముందుకూ వెనక్కూ జరగడానికి కింద రెండు ఇనుప పట్టాలుంటాయి. వాటి మధ్యే ఆమె వయసు సగం జరిగిపోయింది. అందుకని అందరూ ఆమెను పట్టాలక్క అనేవారు. ఆమెకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడైన రంగు బాబాయి కూడా అలాగే పిలిచేవాడు. కార్లకు రంగు వేసే మనిషి కాబట్టి ఆయనకా పేరు. "మా పట్టాలక్క చెయ్యి పెడితే సీటేంటండీ, గోడైనా జరుగుతుంది" అని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. ఆ మాటకు అందరూ నవ్వేవారు, ఆమె తప్ప.

పాత కారు బాగుచేసే చోట ఎవరి కళ్ళైనా ముందు రంగు మీద పడతాయి, తర్వాత ఇంజను మీద. పట్టాల వైపు తొంగిచూసేవాళ్ళు ఉండరు. ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి, మైనంలా గడ్డకట్టిన గ్రీజు, బిస్కెట్ పొడి, తలపిన్నులు, ఒకసారైతే ఎవరిదో పాలపన్ను కూడా వాటిలో దొరికింది. ఆమె పట్టాలు విప్పి, కిరోసిన్‌లో నానబెట్టి, చెక్కపుల్లతో మూలమూలా గీకి, ఇత్తడి తీగల బ్రష్షుతో రుద్దేది. లోపల దొర్లే ఇనుప గోలీలను ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య తిప్పి ఎక్కడైనా చదునైందేమో చూసేది. తుప్పంతా పోయాక గ్రీజు పల్చగా, ఉందా లేదా అన్నట్టు రాసేది. ఎక్కువైతే దుమ్ము పట్టుకుని కథ మళ్ళీ మొదటికొస్తుంది. చివరికి సీటు ఎక్కించి, కొక్కెం ఎత్తి, ఒక్క వేలితో నెడితే అది చప్పుడు లేకుండా ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. కొక్కెం వదలగానే రెండు పట్టాల గాట్లలోనూ ఒకేసారి టక్కుమని పడి, ఎంత గుంజినా కదలకూడదు. అది ఆ షెడ్డు పరీక్ష.

అందరూ ఆ పరీక్ష ఒకసారి చేస్తారు. ఆమె నాలుగుసార్లు చేసేది. నాలుగోసారికి కూడా నమ్మకం కుదిరేది కాదు. ఆ తర్వాత అన్నయ్యను కేకేసేది. చివరి బోల్టు అన్నయ్య బిగించాలి. బిగించి, తెల్లరంగులో కుంచె ముంచి, బోల్టు తల మీద మొదలెట్టి కింద నేలరేకు మీదికి ఒక గీత గీయాలి. ఆ గీత నాన్న పెట్టిన పద్ధతి. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత తెగుతుంది. గీత ఉన్నదంటే ఆ బోల్టును ఎవరూ ముట్టుకోలేదని అర్థం. షెడ్డు ఊడ్చే మనిషికి కూడా ఆ సంగతి తెలుసు. నాన్నది పసుపు గీత, అన్నయ్యది తెల్ల గీత. ఆమెకు రంగు లేదు. ఒకప్పుడు ఉండేది, ఒక్క రోజు.

ఎందుకంటే, పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె చేసిన పని వల్ల ఒక మనిషి మోకాలు విరిగింది.

అప్పుడామెకు ఇరవై రెండేళ్ళు. కళ్ళజోళ్ళ షాపాయన లేత ఆకుపచ్చ కారు వచ్చింది. మొదటి బోల్టు విప్పడం నుంచి చివరి బోల్టు బిగించడం దాకా ఆమె ఒక్కతే చేసిన మొదటి కారు అదే. అయిపోయాక నాన్న "నీకూ ఒక రంగు ఎంచుకో" అన్నాడు. డబ్బాల్లో ఉన్నవి పసుపు, తెలుపే. ఆమె పరుగెత్తుకెళ్ళి తన సంచిలోంచి గోళ్ళరంగు సీసా తెచ్చింది, ముదురు వంకాయ రంగుది. నాన్న పగలబడి నవ్వాడు. "ఇదేం షోకే, బోల్టు గోళ్ళకు రంగా?" అన్నాడు. అయినా కాదనలేదు. నాలుగు బోల్టులకూ నాలుగు గీతలు గీసి, వాటి మీద రబ్బరు టోపీలు నొక్కింది. మూడో గీత దగ్గర నవ్వు ఆపుకోలేక చెయ్యి వంకరపోయింది.

నెల తిరక్కుండానే నాన్న ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాడు. ఎడమ కొక్కేనికీ కుడి కొక్కేనికీ ఒక గాటు తేడా పెట్టావు, ఒక పక్కే పట్టింది అన్నాడు. ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే సీటు వెనక్కి జారి, ఆయన కాలు బ్రేకుకు అందక, కారు వెనక్కి దొర్లి గోడకు గుద్దుకుందట. మోకాలు విరిగిందట. అన్నయ్య వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాడట, ఆ పట్టాలు పీకి చెత్తలో పారేసి కొత్తవి వేశాడట. "నీ మొహం చూడనన్నాడు తల్లీ. ఇక ఆ ఊసెత్తకు. నలుగురికీ తెలిస్తే షెడ్డు పరువు పోతుంది" అన్నాడు.

ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఆ ఒక గాటు తప్పు ఆమె నిజంగానే చేసింది. సాయంత్రానికల్లా తనే చూసుకుని సరిదిద్దుకుని, నవ్వుకుంటూ వెళ్ళి నాన్నకు చెప్పింది. ఆయనకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. కాబట్టి, ఒకసారి చేసినదాన్ని మళ్ళీ చేశానన్నమాట, అనుకుంది. రెండు పేజీల క్షమాపణ ఉత్తరం రాసి, ఆయనకు ఇమ్మని నాన్న చేతికిచ్చింది. జవాబు రాలేదు.

కళ్ళజోళ్ళ షాపు వీధి షెడ్డుకూ ఆమె ఇంటికీ మధ్యలో ఉంది. ఆ రోజు నుంచి ఆ వీధి మొహం చూడలేదు. గోడౌన్ల వెనకగా చుట్టుతిరిగి వెళ్ళేది. ఆమె ఇంటికి చేరేసరికి కుళాయి కట్టేసేవారు. కింది వాటాలో దర్జీ భార్య ఆమె కోసం రోజూ రెండు బకెట్లు పట్టి మెట్ల మీద పెట్టేది.

ఆ ఉదయం అన్నయ్య ఊళ్ళో లేడు. ఏదో పాత కారు డొక్కు బేరానికి వెళ్ళాడు, మర్నాడు గానీ రాడు. నాన్న మధ్యాహ్నం దాకా షెడ్డుకు రాడు. అప్పుడు గేటులోంచి లేత ఆకుపచ్చ కారు ఒకటి లోపలికి వచ్చింది.

ఆమె చేతిలోని బ్రష్షు కిరోసిన్ తొట్టిలోకి జారిపోయింది.

కారులోంచి ఒక పొట్టి అమ్మాయి దిగింది. వీపు వెనక పెట్టుకున్న రెండు దిండ్లు ఆమెతోపాటే కింద పడ్డాయి. "సీటు జరగట్లేదండీ. మా తాతయ్య ఆరడుగులు, నేను చూస్తే ఇంతే. ఆయన కొన్నప్పటినుంచీ దాన్ని ఒకే చోట పెట్టుకు నడిపాడు. ఇప్పుడు కొక్కెం ఎత్తినా ఉలుకూ లేదు, పలుకూ లేదు" అంది.

"మీ తాతయ్య... కళ్ళజోళ్ళ షాపు?"

"ఆఁ, ఆయనే. రేపు సాయంత్రానికి అయిపోతుందా? ఎల్లుండి నాకు డ్రైవింగు పరీక్ష. దిండ్లతో వెళ్తే పరీక్ష పెట్టేవాళ్ళు నవ్వుతారు."

"మా అన్నయ్య రేపు వస్తాడు. వచ్చాక ఆయనే..."

రంగు బాబాయి పక్కనుంచి అందుకున్నాడు. "పట్టాలక్క ఎదురుగా ఉండగా అన్నయ్య ఎందుకమ్మా? నువ్వు తాళాలిచ్చి వెళ్ళు. రేపటికి సీటు నువ్వు తుమ్మితే జరుగుతుంది."

ఆ పిల్ల నవ్వి తాళాలిచ్చి వెళ్ళిపోయింది. పట్టాలక్క ఆ తాళాలు పట్టుకుని కారు దగ్గరికి నడిచింది. అన్నయ్య వేసిన కొత్త పట్టాలేగా, నాకేం భయం అని తనకు తనే చెప్పుకుంది. వెనక తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, తివాచీ మడిచి, దీపం లోపలికి పెట్టింది. వెనకవైపు బోల్టు రబ్బరు టోపీని గోటితో ఊడబెరికింది, తెల్లగీత కోసం చూస్తూ.

గీత తెల్లగా లేదు. వంకాయ రంగులో ఉంది.

కిరోసిన్ కళ్ళలో పడిందేమోనని మోచేత్తో తుడుచుకుంది. రెండో టోపీ తీసింది. వంకాయ రంగే. ముందుకు వచ్చి మూడోది తీసింది. మూడో గీత వంకరగా ఉంది. నవ్వు ఆపుకోలేని చెయ్యి ఎలా పోయిందో అలాగే ఉంది. నాలుగూ బోల్టు తల మీద మొదలై, నేలరేకు మీద కుంచె ఎత్తిన చోట చిన్న బొట్టుగా ఆగాయి. మధ్యలో ఎక్కడా తెగలేదు. సన్నటి బీట కూడా లేదు.

ఈ బోల్టులను ఎవరూ తిప్పలేదు. తిప్పకుండా పట్టాలు బయటికి రావు. బయటికి రాని పట్టాలను చెత్తలో ఎలా పారేస్తారు?

"ఏంటి, లోపల పాము గానీ ఉందా?" అన్నాడు రంగు బాబాయి. "అలా బిగుసుకుపోయావేం?"

"బాబాయ్, ఈ కారుకు ఎన్నిసార్లు రంగు వేశావు?"

"ఒక్కసారే. పద్దెనిమిదేళ్ళయింది. నా చేతి రంగు చూశావుగా, ఇంకా పెళ్ళికొడుకులా ఉంది."

"మరి వెనక గోడకు గుద్దుకున్నప్పుడు?"

"ఏ కారు?"

"ఇదే."

ఆయన నోట్లోని పుల్ల తీసి పారేసి కారు వెనక్కి వెళ్ళాడు. వేలి కణుపుతో రేకంతా కొట్టి చూశాడు. ఒంగి, ఒక కన్ను మూసి, పక్కవాటుగా చూశాడు. "గుద్దుకుంటే ముందు నా దగ్గరికేగా రావాలి? సొట్ట తీసేది ఎవరు, రంగు కలిపేది ఎవరు? ఇది పుట్టినప్పటి రేకు. చీమ కూడా గుద్దలేదు. నీకీ కబురు చెప్పిన పెద్దమనిషెవరు?"

పద్దెనిమిదేళ్ళుగా రంగు బాబాయి ఆమెకు పదడుగుల దూరంలోనే పని చేస్తున్నాడు. నలుగురికీ తెలిస్తే షెడ్డు పరువు పోతుందని నాన్న అన్నాడని ఆయన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే, అదే రోజు...

పట్టాలు బాగుచేయాలంటే బోల్టులు విప్పాలి. విప్పితే గీత తెగిపోతుంది. స్పానరు బోల్టు మీద పెట్టి మళ్ళీ తీసేసింది. "బాబాయ్, ఇలా వచ్చి ఈ నాలుగు గీతలూ చూడు. సరిగ్గా చూడు" అంది. ఆయన మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ ఒంగి చూశాడు. నాలుగూ చూశాక ఆయన మొహంలో వేళాకోళం లేదు. "ఇవి నీవే. ఆ రోజు గోళ్ళరంగు వాసనకు నేను తుమ్మాను కూడా" అన్నాడు. అప్పుడామె స్పానరు మీద బరువు వేసింది. గీత చిన్న పెళుసు చప్పుడుతో తెగింది.

పట్టాలు బయటికి తీయకముందే కొక్కేలు ఏ గాట్లో ఉన్నాయో చూసింది. ఎడమది ఏడు. కుడిది ఏడు. వేలు పెట్టి తడిమి లెక్కపెట్టింది. ఏడు, ఏడు.

మధ్యాహ్నం పట్టాలు కిరోసిన్‌లో నానుతుండగా ఒక పొడుగాటి ముసలాయన చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కుడికాలు ఈడుస్తున్నాడు. కళ్ళజోళ్ళ షాపాయన. అంటే గీతలు అబద్ధం, నాన్న మాటే నిజం. ఆ క్షణంలో ఆమెకు అది నిజమైతే బాగుండుననిపించింది కూడా.

"మా మనవరాలు వాలిపోయిందటగా పొద్దున్నే మీ మీద" అన్నాడాయన కులాసాగా.

"మీ మోకాలు..." అంది ఆమె.

"ఇదా? పోయిన చలికాలం స్నానాలగదిలో సబ్బు మీద కాలేశానమ్మా. డెబ్భై ఆరేళ్ళవాడు సబ్బుతో కుస్తీ పట్టి ఓడిపోయాడని మా ఆవిడ వీధంతా చాటింపు వేసింది."

"అంతకు ముందు? కారులో ఏమైనా?"

"ఈ కారు నన్నేనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఇంట్లో అనేది మా ఆవిడొక్కతే." ఆయన తనే నవ్వుకుని కర్ర మీద ఆనుకున్నాడు. "మీ అన్నయ్య కూడా ఎంత మర్యాదస్తుడమ్మా! ఏటా ఇంటికే వచ్చి చూసి వెళ్ళేవాడు. 'షెడ్డుకు తేకండి, మీకెందుకు శ్రమ' అనేవాడు. నిన్న ఫోన్ చేస్తే ఊళ్ళో లేనన్నాడు. పిల్లది ఆగలేక తీసుకొచ్చేసింది."

"మీకు నేనొక ఉత్తరం రాశాను. చాలా ఏళ్ళ కిందట."

"నాకా? అందలేదే. ఏమని?"

ఆ రెండు పేజీలూ ఆమెకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "సీటు బాగుందా అని" అంది.

"బాగుందా ఏంటమ్మా! బాగుచేసిచ్చిన వారానికే కార్ల ప్రదర్శనకు తీసుకెళ్తే, ఒక పెద్ద వర్క్‌షాపు యజమాని లోపల కూర్చుని, ఒక్క వేలితో ఇటూ అటూ నెట్టి, ఇదెవరి చెయ్యి అని పట్టుకున్నాడు నన్ను. ఫలానా షెడ్డాయన కూతురండీ అని చెప్పి మీ చిరునామా ఇచ్చాను. తప్పకుండా రాస్తానన్నాడు. రాయలేదా?"

ఆయన వెళ్ళాక ఆమె ఒక పట్టా తీసి తుడిచి, బల్ల మీద పెట్టి, దాన్ని రుద్దుతూ కూర్చుంది. రుద్దిన చోటే మళ్ళీ మళ్ళీ రుద్దింది.

మూడింటికి నాన్న వచ్చాడు. పాత కారు వెనకసీటును చెక్కలకు బిగించి చేసుకున్న సోఫా ఒకటి ముందుగదిలో ఉంది. వయసు మీద పడ్డాక ఆయన చోటు అదే. వేళ్ళు కొంకర్లు పోయినా చెవులు ఇంకా పదునే. ఏ స్పానరు ఎక్కడ జారిందో అక్కడినుంచే చెప్పేవాడు. ఆమె ఆ పట్టా తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన అలవాటుగా గాట్ల మీద బొటనవేలు నడిపాడు. నడిపి, ఆగిపోయాడు. తలెత్తి కిటికీలోంచి లేత ఆకుపచ్చ కారును చూశాడు.

"దాన్ని లోపలికి ఎవరు రానిచ్చారు?" అన్నాడు.

"నీ నోటెంట వచ్చిన మొదటి మాట ఇదా నాన్నా?"

ఆయన పట్టాను అటూ ఇటూ తిప్పాడు. బయట రంగు బాబాయి గరుకు కాగితం రుద్దే చప్పుడు ఆగింది.

"ఆయన మోకాలు విరగలేదు" అంది ఆమె.

"లేదు."

"అన్నయ్య పట్టాలు మార్చలేదు."

"లేదు. ఆ గీతలు ఉంటాయని నాకు తెలుసు. అందుకే ఈ కారు మళ్ళీ మన గేటు దాటకుండా చూసుకోరా అని వాడికి చెప్పాను." తప్పు తనది కాదు, కాపలా కాయలేనివాడిది అన్నట్టుంది ఆ గొంతు.

"పెద్ద వర్క్‌షాపు నుంచి ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది."

"ఎవరి పేరున?"

"నీ పేరునే. రమ్మన్నారు. ఉండటానికి గది ఇస్తామన్నారు. కింద నలుగురు మనుషులను ఇస్తామన్నారు." ఆయన గుక్క తిప్పుకున్నాడు. "నువ్వు పోతే ఈ షెడ్డు ఏమయ్యేది? మీ అన్నయ్య చేతులు నాకు తెలియవా? వాడికి మాట వచ్చు, పని రాదు. మీ అమ్మ మంచంలో ఉంది అప్పుడు. అంతమంది నోట్లోకి నాలుగు వేళ్ళు వెళ్ళాలంటే నువ్వుండాలి."

"ఉండమని అడిగితే ఉండేదాన్ని."

"అడిగాక నువ్వు కాదంటే?"

అంటే ఉండాలో పోవాలో తేల్చుకునే అవకాశం కూడా ఆమెకు ఇవ్వలేదన్నమాట. అమ్మను వదిలేసి పోయే మనిషని ముందే లెక్క కట్టేసుకున్నాడు.

"ఒక గాటు తేడా సంగతి నీకొక్కడికే చెప్పాను నాన్నా. చిన్నపిల్లలా నవ్వుకుంటూ వచ్చి చెప్పాను. అదే తీసి నా మీదికి విసిరావు."

"నీకు చేటు చేద్దామని కాదు. చూడు, ఆ భయం వల్లనే కదా ఇంత పనిమంతురాలివయ్యావు! నీలా నాలుగుసార్లు చూసేవాళ్ళు ఎక్కడున్నారు?"

"ఆ కారుకు ఒక్కసారే చూశాను. పద్దెనిమిదేళ్ళు నిలిచింది."

ఆయన పట్టాను సోఫా మీద పక్కన పెట్టాడు. గ్రీజు అంటిన వేళ్ళు ఎక్కడ తుడవాలో తెలియనట్టు గాల్లో ఉంచాడు. మామూలుగా అయితే ఆమె భుజం మీది గుడ్డ తీసి ఇచ్చేది. ఇవాళ ఇవ్వలేదు.

"నా ఉత్తరం?"

"మా ఇంట్లో, బీరువాలో ఉంది. రెండూ ఉన్నాయి, నీదీ, వాళ్ళదీ. పారేయడానికి చేతులు రాలేదే తల్లీ."

అది కూడా తన మంచితనం లెక్కలోనే వేసుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. "ఆ వర్క్‌షాపు ఉందా ఇంకా?"

"లేదు. ఆయన పోయి పదేళ్ళయింది. మూసేశారు."

మర్నాడు పొద్దున ఆమె షెడ్డుకు వచ్చే దారిలో ఒక ఫాన్సీ కొట్టులో ఆగింది. వంకాయ రంగు గోళ్ళరంగు అడిగితే, ఇప్పుడెవరూ ఆ రంగు వేసుకోవట్లేదని కొట్టులో అమ్మాయి మొహం చిట్లించింది. వెతికి వెతికి దాని దగ్గరిది ఒకటి ఇచ్చింది. అది కొంచెం ఎరుపు ఎక్కువగా ఉంది. ఆమె బేరమాడకుండా తీసుకుంది.

మధ్యాహ్నానికి పట్టాలు తయారయ్యాయి. తుప్పు వదిలి ఇనుము తన రంగుకు వచ్చింది. గోలీలన్నీ గుండ్రంగానే ఉన్నాయి, ఒక్కటి కూడా మార్చాల్సిన పని పడలేదు. సీటు ఎక్కించి, బోల్టులు వేలితో తిప్పి వదిలేసి, స్పానరు చేతిలోకి తీసుకునేసరికి అన్నయ్య వచ్చాడు. నాన్న ఫోనులో అంతా చెప్పేశాడని అన్నయ్య నడకే చెబుతోంది. పిల్లి అడుగులు వేసుకుంటూ వచ్చి, ఏమీ ఎరగనట్టు చెయ్యి చాపాడు.

"ఏంటి చెల్లాయ్, అయిపోయిందా? ఏదీ, స్పానరు ఇలా ఇవ్వు."

ఆమె ఇవ్వలేదు.

"చూడూ, పాత సంగతులు తవ్వుకుంటే ఏమొస్తుంది చెప్పు? నాన్న చెప్పాడు, నేను విన్నాను. అప్పటికి నేను మాత్రం ఎంతవాణ్ణి?"

"ఇరవై ఎనిమిదేళ్ళవాడివి."

"అదే, కుర్రతనం."

"ఏటా ఆయనింటికి వెళ్ళి ఈ కారు దాచి వచ్చావు చూడు, పోయిన ఏడాది కూడా కుర్రతనమేనా?"

అన్నయ్య రంగు బాబాయి వైపు చూశాడు, ఏదైనా జోకు వేసి గట్టెక్కిస్తాడేమోనని. రంగు బాబాయి డబ్బా మూత బిగించుకుంటూ ఉండిపోయాడు.

"సరేలే, ఇప్పుడేమైంది? నువ్వే బిగించుకో. నీ రంగు నువ్వే వేసుకో. నిన్ను ఎవరు వద్దన్నారు?"

ఆమె కిందికి ఒంగింది. ఒక్కో బోల్టూ బిగించింది. కొక్కెం ఎత్తి ఒక్క వేలితో నెట్టింది. సీటు కొస దాకా వెళ్ళింది. వదిలింది. రెండు వైపులా ఒకేసారి టక్కుమంది. రెండోసారి నెట్టడానికి వేలు దానంతటదే లేచింది. ఆమె దాన్ని మడిచి అరచేతిలో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తనతో నాలుగుసార్లు నెట్టించిన భయం తనది కాదు. ఎవరో తెచ్చి లోపల బిగించి, గీత గీసి వెళ్ళిన భయం.

గోళ్ళరంగు సీసా మూత తిప్పి నాలుగు గీతలు గీసింది. నాలుగూ తిన్నగా వచ్చాయి.

"ఆరేదాకా ఎవరూ ముట్టుకోకండి" అంది.

సాయంత్రం మనవరాలు వచ్చి సీట్లో కూర్చుని, ముందుకు జరుపుకుని, కాళ్ళు తాటించి చూసుకుని కేరింతలు కొట్టింది. "ఇది ఎవరు చేశారండీ?" అంటే అన్నయ్య అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "నేను" అంది పట్టాలక్క. "అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే. మీ తాతయ్యకు చెప్పండి."

కారు వెళ్ళిపోయాక ఆమె చేతులు కడుక్కుని, ఇత్తడి బ్రష్షూ, చెక్కపుల్లలూ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. అవెప్పుడూ షెడ్డులోనే ఉండేవి. ముందుగదిలోంచి నాన్న గొంతు వినిపించింది. "అమ్మాయ్, రేపు పొద్దున్నే ఆ నల్లకారు సీట్లు విప్పాలి. వాళ్ళు తొందరపడుతున్నారు."

ఎప్పటి గొంతే. నిన్న ఏమీ జరగనట్టే.

"ఇన్నేళ్ళూ చివరి బోల్టు అన్నయ్యదేగా నాన్నా" అంది గుమ్మంలో నిలబడి. "రేపటినుంచి మొదటి బోల్టు కూడా వాడే విప్పుకుంటాడు."

"అంటే? రావా?" ఆయన సోఫాలోంచి లేవబోయాడు. "రాకుండా ఎక్కడికి పోతావు?"

ఎక్కడికి అన్నది ఆమెకూ తెలియదు. ఆయన దాచిన ఉత్తరంలోని చోటు మూతపడి పదేళ్ళయింది. "ఆ రెండు ఉత్తరాలూ తీసి పెట్టు. వచ్చి తీసుకుంటాను" అని చెప్పి బయటికి నడిచింది.

గోడౌన్ల మలుపు దగ్గర కాళ్ళు వాటంతటవే ఎడమకు తిరిగాయి. ఆగి, వెనక్కి వచ్చి, నేరుగా నడిచింది. కళ్ళజోళ్ళ షాపు వీధి కొద్దిగా ఎత్తుగా ఉంది. కారు దొర్లిపోయేంత ఎత్తేమీ కాదు. షాపు అద్దంలో వరసగా కళ్ళజోళ్ళు, వాటి మధ్యలోంచి వెళ్తూ తన నీడ. వీధి చివర మలుపు తిరగగానే తన ఇల్లు కనిపించింది. ఇంత దగ్గరా, అనుకుని నిలబడిపోయింది. ఒక పాట మొదలెడితే పూర్తికాకుండానే వచ్చేసే దూరం.

కుళాయి దగ్గర నీళ్ళు ఇంకా వస్తున్నాయి. దర్జీ భార్య ఆమె బకెట్లను తనవాటి వెనక వరసలో పెట్టుకుని నిలబడి ఉంది.

"అదేంటక్కా, ఇవాళ ఇంత తొందరగా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. దగ్గరి దారిన వచ్చాను."

"దగ్గరి దారుందా? మరి ఇన్నేళ్ళూ ఏం చేశావమ్మా?"

ఆమె బకెట్ అందుకుని కుళాయి కింద పెట్టింది. నిండి, పొర్లి, కాళ్ళ మీదుగా వీధిలోకి పారుతున్నా చాలాసేపు దాన్ని పక్కకు తీయలేదు. దర్జీ భార్య చూసి చూసి, తనే ఒంగి కుళాయి కట్టేసింది.